కరెంట్ రేషియో పెరిగింది, చేతిలో డబ్బు లేదు: స్పిన్నింగ్ మిల్లు లెక్కలు ఎలా చదవాలి?

నూలు_లెక్క అడిగినది:

అందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లు రెండేళ్ల లెక్కలు చూస్తున్నాను. 25,200 స్పిండిళ్లు, నడిచేది 40 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) కోంబ్డ్ నూలు, అంటే పొట్టి పీచు దువ్వి తీసేసినది. ఏడాదికి సుమారు 30.4 లక్షల కిలోలు. అంకెలన్నీ కోట్ల రూపాయల్లో, గుండ్రంగా ఇస్తున్నాను.

ఈ ఏడాది అమ్మకం 96 (నూలు 88, వేస్టు 8). పత్తి 67, కరెంటు 10.3, జీతాలు 5.5, స్టోర్సు-ప్యాకింగ్-రిపేర్లు 3.2, ఇతర ఖర్చులు 2. తరుగుదల 3, వడ్డీ 3.6. పన్నుకు ముందు లాభం 1.4, పన్ను పోను 1.05. కిందటేడు అమ్మకం 94, వడ్డీకి పన్నుకు ముందు లాభం 7. ఈ ఏడు అది 5.

మార్చి 31 నాటికి పత్తి 24 (కిందటేడు 21), నూలు, తయారీలో ఉన్న సరుకు 6 (3), స్టోర్సు 1 (1), రావలసిన బాకీలు 13 (9), నగదు 1 (1), ఇతరాలు 3 (3). మొత్తం 48, కిందటేడు 38. ఇటువైపు బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే సరుకు, బాకీల మీద వాడుకునే అప్పు) 24 (20.5), సరఫరాదారులకి ఇవ్వాల్సింది 5 (4.5), ఏడాదిలో కట్టాల్సిన టర్మ్ లోన్ వాయిదాలు 2.5 (2.5), ఇతరాలు 1.5 (1.5). మొత్తం 33, కిందటేడు 29. స్థిరాస్తులు 30 (31), సొంత నిధులు 32 (31), దీర్ఘకాలిక అప్పు 13 (9).

కరెంట్ రేషియో, అంటే చరాస్తులు (ఏడాదిలో డబ్బుగా మారేవి) ÷ ఏడాదిలో తీర్చాల్సిన స్వల్పకాలిక బాధ్యతలు, 1.31 నుంచి 1.45కి పెరిగింది. పుస్తకం ప్రకారం పరిస్థితి మెరుగుపడాలి. కానీ మిల్లు నెలాఖరున వడ్డీ కట్టడానికే తడుముకుంటోంది. బాకీల్లో 4 కోట్లు 90 రోజులు దాటినవి. ఏ రేషియోని నమ్మాలి?

కాస్ట్_షీట్:

కరెంట్ రేషియో తప్పు చెప్పలేదండీ, మీరు దాన్ని అడగాల్సిన ప్రశ్న అడగలేదు. చరాస్తులు 10 కోట్లు పెరిగాయి. అందులో నగదు ఒక్క రూపాయి పెరగలేదు. పత్తి 3, అమ్ముడుపోని నూలు 3, వసూలు కాని బాకీ 4. ఈ 10కి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? స్వల్పకాలిక బాధ్యతలు 4 పెరిగాయి, దీర్ఘకాలిక అప్పు 4 పెరిగింది, మిగతా 2 లాభం, తరుగుదల నుంచి. ఆ దీర్ఘకాలిక 4 కోట్లు ఏమిటో చూడండి. చాలా మిల్లుల్లో అది డైరెక్టర్లు తెచ్చిన అన్‌సెక్యూర్డ్ లోను అవుతుంది. బయట నుంచి తెచ్చిన దీర్ఘకాలిక డబ్బుని గోడౌన్‌లో సరుకులో పోస్తే పైన చరాస్తి పెరుగుతుంది, కింద స్వల్పకాలిక బాధ్యత పెరగదు. రేషియో పెరిగిందంటే అదే కారణం. సరుకు కదలక రేషియో పెరిగింది.

డబ్బు ఎందుకు లేదో ఒకే ఒక లెక్క చెబుతుంది. లాభం 1.05, తరుగుదల 3, వడ్డీ 3.6 కలిపితే 7.65. ఇందులోంచి సరుకులో పెరిగిన 6, బాకీల్లో పెరిగిన 4 తీసేయండి, సరఫరాదారుల దగ్గర పెరిగిన 0.5 కలపండి. వచ్చేది మైనస్ 1.85. అంటే ఏడాదంతా మిల్లు తిప్పితే, వడ్డీ కట్టకముందే 1.85 కోట్లు చేతినుంచి పోయాయి. వడ్డీ 3.6, మెషినరీకి పెట్టిన సుమారు 2 కోట్లు సీసీ నుంచి, డైరెక్టర్ల లోను నుంచి కట్టారు. ఈ అంకె లేకుండా మిగతా రేషియోలు ఎన్ని వేసినా కథ పూర్తి కాదు.

రెండోది, పెట్టుబడి మీద రాబడి, అంటే ఆర్‌ఓసీఈ. వడ్డీకి పన్నుకి ముందు లాభం 5. పెట్టిన పెట్టుబడి: సొంతం 32, దీర్ఘకాలిక అప్పు 13, వాయిదాలు 2.5, సీసీ 24, మొత్తం 71.5. రాబడి 7 శాతం. కిందటేడు 63 మీద 7, అంటే 11 శాతం. అప్పు ఖరీదు 10 శాతం చుట్టూ ఉంటే, అరువు తెచ్చిన ప్రతి వంద రూపాయలూ ఏడు సంపాదించి పది అడుగుతున్నాయి. తయారీ కంపెనీ బాగుందా లేదా అని ఒక్క అంకెలో అడిగితే నేను మొదట చూసేది ఇదే. నికర లాభ శాతం ఈ పరిశ్రమలో పెద్దగా ఏమీ చెప్పదు. అమ్మకంలో 70 శాతం పత్తే కాబట్టి పత్తి ధర ఎక్కితే అమ్మకం, ఖర్చు రెండూ కలిసి ఎక్కుతాయి, శాతం దానంతటదే తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. మార్చి 31 పత్తి మిల్లుకి అద్దం లాంటి తేదీ కాదు. పత్తి సీజన్ అక్టోబర్‌లో మొదలవుతుంది, మిల్లులు నవంబర్ నుంచి మార్చి దాకా కొని నిల్వ చేస్తాయి. అందుకే మార్చిలో నిల్వ శిఖరం మీద ఉంటుంది. మీ లెక్కన 24 ÷ 67 × 365 = 131 రోజుల పత్తి. అది చూసి మిల్లుని తిట్టకండి. పుస్తకాల్లో చెప్పే సగటు, అంటే మొదటి నిల్వ, చివరి నిల్వ కలిపి రెండుతో భాగించడం, ఇక్కడ పనికిరాదు. అవి రెండూ మార్చిలే, రెండు శిఖరాల సగటు కూడా శిఖరమే. బ్యాంకుకి ఇచ్చే నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్లు తీసి 12 నెలల సగటు వేయండి.

నూలు_లెక్క:

స్టేట్‌మెంట్లు తీశాను. నెలాఖరు పత్తి నిల్వ, కోట్లలో: ఏప్రిల్ 22, మే 19, జూన్ 16, జులై 13, ఆగస్టు 9, సెప్టెంబర్ 6, అక్టోబర్ 5, నవంబర్ 9, డిసెంబర్ 14, జనవరి 18, ఫిబ్రవరి 22, మార్చి 24. సగటు 14.75. రోజుల్లో 80 వస్తోంది.

కాస్ట్_షీట్:

సెప్టెంబర్‌లో 6 కోట్లంటే 33 రోజులు. సీజన్ చివర అది తప్పు కాదు. పత్తి వైపు మిల్లు మామూలుగానే ఉంది. అయితే నూలు 3 నుంచి 6 అయింది, దానికి సీజన్ సాకు లేదు. నూలు ఏడాది పొడవునా తయారవుతుంది, ఏడాది పొడవునా పోవాలి. సరుకు రోజులు అని ఒకే అంకె వేయడం మానేసి పత్తికి, నూలుకి, స్టోర్సుకి విడివిడిగా వేయండి. కలిపేస్తే పత్తి బరువు కింద నూలు జబ్బు కనపడదు.

సీసీ_డెస్క్:

బ్యాంకు వైపు నుంచి కొంచెం. కరెంట్ రేషియో 1.33 ఉండాలని బ్యాంకులు అనే అంకె ఎక్కడిదో చాలామందికి తెలియదు. 1975లో బ్యాంకు అప్పుల మీద టాండన్ కమిటీ సూచించిన రెండో పద్ధతిలో చరాస్తుల్లో 25 శాతం దీర్ఘకాలిక నిధుల నుంచి రావాలంది. మిగిలిన 75 స్వల్పకాలికం. 100 ÷ 75 = 1.33. అంతే. అది కంపెనీ ఆరోగ్యానికి కొలత కాదు, బ్యాంకు ఎంతవరకు ఇవ్వాలో చెప్పే గీత. మీ మిల్లు 1.45తో ఆ గీత దాటింది, అయినా సీసీలో ఊపిరాడటం లేదు. ఎందుకంటే రోజువారీ డబ్బు తీసేది కరెంట్ రేషియోని బట్టి కాదు, డ్రాయింగ్ పవర్‌ని బట్టి, అంటే సరుకు, బాకీల విలువలో మార్జిన్ పోను బ్యాంకు వాడుకోనిచ్చే మొత్తాన్ని బట్టి.

మీ అంకెలతోనే వేద్దాం. మార్జిన్లు బ్యాంకుని బట్టి మారతాయి, ఇక్కడ సరుకుకి 25 శాతం, బాకీలకి 40 శాతం అనుకుందాం. సరుకు 31, అందులో డబ్బు కట్టని సరుకు 5 తీస్తే 26, దాని మీద 75 శాతం 19.5. బాకీలు 13, 90 రోజులు దాటిన 4 తీస్తే 9, దాని మీద 60 శాతం 5.4. మొత్తం 24.9. సీసీలో వాడింది 24. మిగిలింది 90 లక్షలు. 96 కోట్ల అమ్మకమున్న మిల్లుకి ఇది మూడున్నర రోజుల డబ్బు.

ఇప్పుడు పత్తి ధర 15 శాతం పడిందనుకోండి. 24 కోట్ల పత్తి 20.4 అవుతుంది, డ్రాయింగ్ పవర్ 2.7 తగ్గి 22.2కి వస్తుంది. సీసీ 24. ఒక్క బేలు అమ్మకుండా, కొనకుండా 1.8 కోట్లు ఓవర్‌డ్రాన్, అంటే హద్దు దాటి వాడినట్టు. 15 శాతం అతిశయోక్తి కాదు. 2022 మేలో క్యాండీ పత్తి, అంటే 356 కిలోలు, లక్ష రూపాయలు దాటింది. ఆ ఏడాది ముగిసేలోపే 70 వేల కిందికి దిగింది. శిఖరం ధరకి నిల్వ పెట్టుకున్న మిల్లులు ఎలా దెబ్బతిన్నాయో అమ్మకం, లాభ శాతం చూస్తే ముందుగా తెలిసేది కాదు. నిల్వ విలువని లాభంతో పోల్చితే తెలిసేది. మీ మిల్లుకి పన్నుకు ముందు లాభం 1.4, పత్తి నిల్వ 24. ధర 6 శాతం పడితే ఏడాది లాభం మొత్తం సున్నా. ఈ రేషియో ఏ పట్టికలోనూ ఉండదు, నేను మాత్రం ప్రతి మిల్లుకీ వేస్తాను.

డీఎస్‌సీఆర్ గురించి కూడా. అప్పు వాయిదాలకి, వడ్డీకి సంపాదన ఎన్ని రెట్లుందో చెప్పే రేషియో అది. రెండు నిర్వచనాలు చలామణిలో ఉన్నాయి, కలిపితే పొరపాటు. టర్మ్ లోన్ వరకే లెక్కిస్తే: లాభం 1.05 + తరుగుదల 3 + టర్మ్ లోన్ వడ్డీ (సుమారు 1.15) = 5.2; కట్టాల్సింది 1.15 + 2.5 = 3.65, రేషియో 1.42. మొత్తం వడ్డీ లెక్కిస్తే: 7.65 ÷ (3.6 + 2.5) = 1.25. ఒకే మిల్లు, ఒకే ఏడాది, రెండు అంకెలు. ఇతర కంపెనీలతో పోల్చేముందు వాళ్లు ఏది వేశారో చూడండి. పైగా ఈ రెండూ లాభం మీద కట్టినవే. పైన కాస్ట్_షీట్ గారు చూపిన మైనస్ 1.85 ఇందులో కనిపించదు. నగదు చొప్పున చూస్తే ఈ మిల్లు అప్పు తీర్చడానికి అప్పు చేసింది.

రింగ్_ఫ్రేమ్:

మీరంతా బ్యాలెన్స్ షీట్ దగ్గరే ఆగిపోయారు. రేషియో పడితే కారణం షెడ్డులో ఉంటుంది. 30.4 లక్షల కిలోల నూలుకి ఎంత పత్తి వేశారో చూడండి. కోంబ్డ్‌లో రియలైజేషన్ (వేసిన పత్తిలో నూలుగా వచ్చే వాటా) 70 శాతం అనుకుంటే 43.4 లక్షల కిలోలు, కిలో 154 చొప్పున 67 కోట్లు, మీ అంకెతో సరిపోతోంది.

ఇప్పుడు రియలైజేషన్ ఒక్క శాతం పడి 69 అయిందనుకోండి. అదే పత్తి మీద 43,400 కిలోల నూలు తగ్గుతుంది. కిలో 290కి అమ్మే నూలు అది, 1.26 కోట్లు. పోయిందంతా కోంబర్ నాయిల్‌గా (దువ్వినప్పుడు వచ్చే పొట్టి పీచుగా) వస్తే కిలో 100కి అమ్ముకుని 43 లక్షలు వెనక్కి రాబట్టొచ్చు, నికర నష్టం 82 లక్షలు. అదే పత్తి శుభ్రం చేసే బ్లోరూమ్‌లో దుమ్ముగా, లెక్కకందని తరుగుగా పోతే మొత్తం 1.26 కోట్లూ పోయినట్టే. పన్నుకు ముందు లాభం 1.4 కోట్లున్న మిల్లులో ఇది. అందుకే నాయిల్ శాతం ఎంత సెట్ చేశారు, ఎంత వస్తోంది, కార్డింగ్ దగ్గర ఫ్లాట్ స్ట్రిప్స్ వేస్టు ఎంత, కనపడని తరుగు ఎంత అని షిఫ్టు వారీగా తూకం వేయించాలి. కోంబర్ మెషీన్‌లో ఒక్కో హెడ్‌కీ నాయిల్ తేడా వస్తుంటే సెట్టింగ్ చెడినట్టు, లేదా టాప్ కోంబ్ సూదులు అరిగినట్టు. ఏడాది చివర గ్రాస్ మార్జిన్ అర శాతం ఎందుకు తగ్గిందని తలపట్టుకునేదానికన్నా ఆ రోజే సూదులు మార్చడం చవక.

కరెంటు కూడా అంతే. 10.3 కోట్లు, యూనిట్ 7.50 అనుకుంటే 1.37 కోట్ల యూనిట్లు, కిలో నూలుకి 4.5 యూనిట్లు. దీన్నే మిల్లుల్లో యూకేజీ అంటాం. యూకేజీ 0.1 పెరిగితే 3.04 లక్షల యూనిట్లు, 22.8 లక్షల రూపాయలు. కంప్రెసర్ గాలి లీకులు, హ్యూమిడిఫికేషన్ ఫ్యాన్లు అవసరం లేకపోయినా ఫుల్ స్పీడులో తిరగడం, స్పిండిల్ టేపులు వదులవడం. చూడాల్సింది ఇక్కడ. అయితే యూకేజీని కౌంటు చూడకుండా పోల్చకూడదు. కౌంటు పెరిగి నూలు సన్నబడేకొద్దీ కిలోకి యూనిట్లు పెరుగుతాయి. కిందటేడు 30 కౌంటు ఎక్కువగా నడిపి ఈ ఏడు 40కి వస్తే యూకేజీ పెరగడం సహజం.

మరో మాట. ఆస్తుల టర్నోవర్, అంటే అమ్మకం ÷ స్థిరాస్తులు, మీకు 3.2 వస్తోంది. దాన్ని సమర్థత అనుకోవద్దు. మెషీన్లు పాతబడి పుస్తక విలువ తగ్గేకొద్దీ ఆ రేషియో పెరుగుతూ పోతుంది. ముసలి మిల్లే పుస్తకంలో చురుకుగా కనిపిస్తుంది. స్పిండిల్‌కి షిఫ్టుకి ఎన్ని గ్రాములు అని అడగండి. 30.4 లక్షల కిలోలు ÷ 350 రోజులు ÷ 3 షిఫ్టులు ÷ 25,200 స్పిండిళ్లు = 115 గ్రాములు. 40 కౌంటుకి ఫర్వాలేదు. ఉత్పత్తి తగ్గలేదు కాబట్టి రోగం ఉత్పత్తిలో లేదు. అమ్మకంలో, వసూళ్లలో, మార్జిన్‌లో వెతకండి.

షెడ్యూల్_మూడు:

వెల్లడి విషయంలో ఒక ఉచ్చు ఉంది, చెబుతాను. కంపెనీల చట్టం 2013లో లెక్కలు ఎలా చూపాలో చెప్పే షెడ్యూల్ 3కి 2021 మార్చి 24న సవరణ చేసి, 2021 ఏప్రిల్ 1 నుంచి 11 రేషియోలు నోట్స్‌లో ఇవ్వడం తప్పనిసరి చేశారు. కిందటేటితో పోలిస్తే 25 శాతం మించి మారితే కారణం రాయాలి. మంచి నిబంధన. కానీ చాలామంది కారణం రాయని రేషియోలన్నీ బాగున్నట్టే అనుకుంటారు.

ఈ మిల్లు బాకీల టర్నోవర్ చూడండి. సగటు బాకీలతో వేస్తారు: (13 + 9) ÷ 2 = 11, 96 ÷ 11 = 8.7. కిందటేడు, దాని ముందటేడు కూడా 9 ఉందనుకుంటే, 94 ÷ 9 = 10.4. మార్పు 16 శాతం. కారణం రాయక్కర్లేదు. అదే ఏడాది చివరి బాకీతో వేస్తే 96 ÷ 13 = 7.4, మార్పు 29 శాతం. సగటు సగం జబ్బుని దాచేసింది. అందుకే సగటుతో ఒకసారి, చివరి అంకెతో ఒకసారి వేయండి. రెండింటికీ దూరం పెరిగితే ఏడాది రెండో సగంలో ఏదో జరిగినట్టు. అదే నోట్స్‌లో బాకీల వయసు పట్టిక కూడా ఉంటుంది: ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, అలా. రేషియో కన్నా అది నిజాయితీ గలది.

బాకీల్లో 5 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకంలో ఉండదు. 13ని 1.05తో భాగిస్తే 12.4, బాకీ వసూలు రోజులు 49 కాదు, 47. చిన్న తేడానే, కానీ 18 శాతం పన్నున్న సరుకులో ఇది రోజుల లెక్కని బాగా వక్రం చేస్తుంది.

90 రోజులు దాటిన ఆ 4 కోట్ల బాకీకి ఒక దారి ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న పరిశ్రమ పరిమితి మెషినరీ పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్లు. టర్నోవర్ 96, స్థిరాస్తులు భూమి భవనాలతో కలిపి 30 అంటే ఈ మిల్లు చిన్న పరిశ్రమ కిందికి రావచ్చు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) ఉందో లేదో చూడండి. ఉంటే 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం సెక్షన్ 15 ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే సెక్షన్ 16 కింద బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఆదాయపు పన్ను చట్టంలో 2023లో తెచ్చిన నిబంధన వల్ల, గడువులోగా చెల్లించని మొత్తం కొనుగోలుదారుకి ఆ ఏడాది ఖర్చుగా చెల్లకుండా పోతుంది. ఉద్యం నంబరు ఇన్‌వాయిస్ మీద ముద్రించడం మొదటి పని. అది లేక ఎన్ని మిల్లులు హక్కు వదులుకుంటున్నాయో చూస్తే బాధేస్తుంది.

నూలు_లెక్క:

చాలా స్పష్టంగా ఉంది. కంపెనీ దివాలా ముప్పుని అంచనా వేసే ఆల్ట్‌మన్ జడ్-స్కోరు కూడా వేయమని కొందరు చెప్పారు. పనికొస్తుందా?

కాస్ట్_షీట్:

1968లో ఆల్ట్‌మన్ వేసిన అసలు సూత్రం 66 తయారీ కంపెనీల మీద కట్టినది, అందులో షేరు మార్కెట్ విలువ కావాలి. లిస్ట్ కాని కంపెనీకి తర్వాతి రూపం వాడాలి. మీ అంకెలకి, పంచకుండా కంపెనీలోనే ఉంచిన లాభాలు 20 కోట్లు అనుకుంటే, 2.07 వస్తుంది. 1.23కి, 2.9కి మధ్య, అంటే అటూ ఇటూ కాని చోటు. అయితే ఆ 2.07లో 1.23 ఒక్క అమ్మకం ÷ ఆస్తుల నుంచే వచ్చింది. పత్తి ధర పెరిగి నూలు ధర పెరిగితే, మిల్లు ఒక్క కిలో ఎక్కువ నూలు వడకకపోయినా స్కోరు పెరగవచ్చు. స్పిన్నింగ్ మిల్లుల్లో దీన్ని ఒక కంపెనీ ఏళ్ల వెంబడి ఎటు పోతోందో చూడటానికి వాడండి, తీర్పుకి వద్దు.

రింగ్_ఫ్రేమ్:

ఆ 6 కోట్ల నూలు సంగతి తేల్చేదాకా ఏ స్కోరూ వద్దు. కిలో తయారీ ఖర్చు 270 వేసుకుంటే 2.2 లక్షల కిలోలు, రోజుకి 8,700 కిలోలు వడికే మిల్లుకి 25 రోజుల సరుకు. గోడౌన్‌కి వెళ్లి లాట్ వారీగా జాబితా రాయండి: కౌంటు, కోన్ బరువు, ప్యాకింగ్ తేదీ, ఏ పార్టీ కోసం వడికినది, ఆర్డరు రద్దయిందా. నెలలు గడిచిన కోన్లు నాలుగు తీసి తూకం వేయించండి. తేమ ఆరితే బరువు తగ్గుతుంది, ఇన్‌వాయిస్ బరువుకి కొనుగోలుదారు ఒప్పుకోడు. వాపసు వచ్చిన లాట్లు వేరే కుప్ప పెట్టించండి. వాటిని మంచి సరుకు ధరకి లెక్కకట్టి ఉంటే మీ 1.4 కోట్ల లాభంలో కొంత ఆ కుప్పలోనే ఉంది.